పాత సీరియల్‌ని మోషన్ కామిక్‌గా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెప్తాను. మీరు, మీ స్నేహితులు కలిసి 2000ల మొదట్లో వచ్చిన ఒక తెలుగు కామెడీ సీరియల్‌ని మోషన్ కామిక్‌గా, అంటే గీసిన కామిక్ బొమ్మల్ని కొద్దిగా కదిలించి, గొంతులు, శబ్దాలు కలిపిన వీడియోగా చేద్దామనుకుంటున్నారు. నిర్మాత మీకు బంధువు, హక్కులు తన దగ్గరే ఉన్నాయని ఆయన అంటున్నారు. నమూనా కోసమని అమెరికా సీరియల్ ‘బఫీ ది వాంపైర్ స్లేయర్’ సీజన్ 8 మోషన్ కామిక్ చూశారు. బొమ్మలు బాగున్నాయి కానీ "ఏదో తేడా కొట్టింది, ఏంటో చెప్పలేకపోతున్నా" అని రాశారు. బొమ్మలు కదిలించే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్ వచ్చు, బొమ్మలేసే కుర్రాడు ఉన్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి, బొమ్మల్ని ఎంత కదిలించాలి, పాత టైటిల్ పాట వాడుకోవచ్చా అన్నవి మీ మూడు సందేహాలు.

సూటిగా చెప్తాను. గొంతులతో మొదలుపెట్టండి. ఎపిసోడ్ ఆడియో మొత్తం పూర్తయ్యేదాకా ఒక్క బొమ్మని కూడా కదిలించకండి. కదలిక మీరు అనుకుంటున్న దానిలో మూడో వంతు చాలు. పాట సంగతి చివర్లో చెప్తాను, అది కాస్త చిక్కుముడి.

నేను హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా కంపోజిటింగ్ (విడివిడి బొమ్మల్ని ఒకే దృశ్యంగా కలపడం), మోషన్ గ్రాఫిక్స్ పని చేస్తున్నాను. అందులో ఓ నాలుగేళ్లు మోషన్ కామిక్సే తిండి పెట్టాయి. కింద రాసేదాంట్లో సగం నేను చెడగొట్టిన పనుల నుంచి నేర్చుకున్నదే.

మీకు కొట్టిన తేడా ఏంటో ముందు చూద్దాం. బఫీ టీవీలో 1997 నుంచి 2003 దాకా నడిచింది. ఏడు సీజన్లు, 144 ఎపిసోడ్లు. బఫీ అనే అమ్మాయి, ఆమె స్నేహితులు రక్త పిశాచాలతో పోరాడే కథే అయినా జనానికి గుర్తుండిపోయింది ఆ పిల్లల మాట తీరు. ఇంగ్లీషుని ఇష్టమొచ్చినట్టు విరగ్గొట్టి, పదాలు కొత్తగా పుట్టించి, దెయ్యాన్ని పొడుస్తూ కూడా జోకులేసుకునే పద్ధతి అది. ఆ సీరియల్ మాటల మీద ఎంత ఆధారపడిందో వాళ్లకే తెలుసు కాబట్టి 1999లో ‘హష్’ అని ఒక ఎపిసోడ్ చేశారు. అందులో ఊళ్లో అందరి గొంతులూ దొంగిలించబడతాయి. ఎపిసోడ్‌లో సగానికి పైగా ఎవరూ నోరు విప్పరు. దాని రచనకి ఎమ్మీ నామినేషన్ వచ్చింది.

సీరియల్ ఆగిపోయాక, 2007లో డార్క్ హార్స్ అనే ప్రచురణ సంస్థ దాన్ని కామిక్‌గా కొనసాగించింది. సీరియల్ సృష్టికర్త జాస్ వీడనే దగ్గరుండి నడిపించాడు కాబట్టి దానికి ‘సీజన్ 8’ అని పేరు పెట్టగలిగారు. 2011 జనవరి దాకా 40 సంచికలు వచ్చాయి. కాగితం మీద బడ్జెట్ గొడవ లేదు కదా, బఫీ చెల్లెలు డాన్‌ని ఇంటికంటే ఎత్తు రాక్షసిని చేశారు. స్కాట్లాండ్‌లో కోట పెట్టారు, అమ్మాయిల సైన్యాన్ని దింపారు. టీవీలో అయితే వీటిలో ఒక్కటి తీసేసరికి ఆ సీజన్ డబ్బులు అయిపోయేవి.

ఇప్పుడు గమనించండి. ఆ కామిక్ చదివే అభిమాని బుర్రలో బఫీ ప్రతి డైలాగూ, టీవీలో ఆ పాత్ర వేసిన సారా మిషెల్ గెల్లర్ గొంతులోనే వినిపిస్తుంది. పైసా ఖర్చు లేని డబ్బింగ్ అది. 2010లో అదే కామిక్‌ని, మొదటి 19 సంచికల వరకు, మోషన్ కామిక్‌గా మార్చారు. గొంతులు మాత్రం వేరేవాళ్లవి. అంటే అభిమాని తలలో అప్పటిదాకా బ్రహ్మాండంగా నడుస్తున్న గొంతుని ఆపేసి, ఆ చోట తెలియని గొంతు పెట్టారు. ఆ ఆర్టిస్టులు బాగా చేయలేదని కాదు. కామిక్ చిత్రకారుడు జార్జ్ జాంటీ గీసిన మొహం చూస్తే బఫీలాగే ఉంది, నోరు తెరిస్తే ఇంకెవరో. మీకు కొట్టిన తేడా ఇదేనని నా అనుమానం.

దీనికి సరిగ్గా తిరగేసిన ఉదాహరణ ఒకటి ఉంది. బ్రిటన్‌లో ‘డాక్టర్ హూ’ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ 1960ల ఎపిసోడ్లు చాలా వాటిని బీబీసీ అప్పట్లో చెరిపేసింది. తొంభైకి పైగా ఎపిసోడ్ల బొమ్మ పోయింది. కానీ అభిమానులు ఇళ్లలో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని పట్టిన ధ్వని మిగిలింది. జాన్ క్యూరా అనే ఫొటోగ్రాఫర్ టీవీ తెర మీంచి తీసిన స్టిల్ ఫొటోలు కొన్ని మిగిలాయి. చాలా ఏళ్లు అభిమానులు ఆ స్టిల్స్‌ని, ఆ ధ్వనిని జత చేసుకుని చూసేవాళ్లు. మనం ఇప్పుడు మోషన్ కామిక్ అంటున్నదానికి అది అన్నయ్య లాంటిది. తర్వాత 2006లో ‘ది ఇన్వేజన్’ అనే కథలో పోయిన రెండు ఎపిసోడ్లకి యానిమేషన్ చేశారు. 2016లో, మొదటి ప్రసారానికి సరిగ్గా యాభై ఏళ్లకి, ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’ ఆరు ఎపిసోడ్లూ బొమ్మలతో తెచ్చారు.

మొహమాటం లేకుండా చెప్పాలంటే ఆ యానిమేషన్‌లో మనుషులు నడుస్తుంటే అట్టబొమ్మలు జరిగినట్టే ఉంటుంది. మా స్టూడియోలో జూనియర్ అలాంటి నడక చేసి తెస్తే వెనక్కి పంపేవాణ్ణి. అయినా చూస్తుంటే రెండు నిమిషాల్లో అది పట్టించుకోవడం మానేస్తాం. అప్పట్లో డాక్టర్‌గా వేసిన ప్యాట్రిక్ ట్రౌటన్ గొంతు, అసలు గొంతు, అక్కడ ఉంది మరి. బఫీలో బొమ్మ మిగిలి గొంతు మారింది. ఇక్కడ బొమ్మ పోయి గొంతు మిగిలింది. రెండూ పక్కపక్కన పెట్టి ఒక సాయంత్రం చూడండి. నేను ఇక్కడ రాసే దానికంటే ఎక్కువే అర్థమవుతుంది.

నిజానికి మనవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం విని సినిమా మొత్తం చూసేసినట్టు చెప్పుకున్న జనం మనం. రాజశేఖర్, సుమన్ ఇద్దరికీ సాయికుమార్ గొంతే అని తెలిసి కూడా, ఆ గొంతు లేకపోతే వాళ్లని ఒప్పుకోని ప్రేక్షకులం. తోలుబొమ్మలాటలో బొమ్మ మొహం కదలదు. భుజం, మోచేయి దగ్గర అతుకులు, ఆ కాస్త ఊపు తప్ప ఇంకేం ఉండదు. అయినా కేతిగాడు తెర మీదకి రాగానే పిల్లలు నవ్వుతారు. తెర వెనక ఆడించేవాడి గొంతు చేసే పని అది. నేను ఈ పనిలోకి వచ్చిన మొదట్లో డిస్నీ పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాణ్ణి. తోలుబొమ్మల వాళ్లని ఒక రాత్రి చూసి ఉంటే ఏడాది కలిసొచ్చేది.

వంటింటి పరీక్ష

ఇది నేను పెట్టుకున్న పేరు. 2013 ప్రాంతంలో ఒక పాత డిటెక్టివ్ సీరియల్‌ని ఫోన్లలో చూసుకునే మూడు నిమిషాల ముక్కలుగా చేసే పని వచ్చింది. క్లయింట్ పేరు వద్దు. హీరోగా వేసిన నటుడు అప్పటికి వేరే ఊరు వెళ్లిపోయారు. దాంతో మిమిక్రీ బాగా చేసే కుర్రాణ్ణి పట్టుకొచ్చారు. స్టూడియోలో విన్నప్పుడు అచ్చు గుద్దినట్టు ఉందని అందరం చప్పట్లు కొట్టాం. ఇంటికి తెచ్చి హాల్లో పెట్టాను. మా అమ్మ వంటింట్లో పప్పు తాలింపు పెడుతోంది. తెర కనిపించదు, గొంతు మాత్రం వినిపిస్తుంది. ఆవిడ ఆ సీరియల్ ఒక్క వారం కూడా వదలకుండా చూసిన మనిషి. అర నిమిషం విని, "వీడెవడ్రా, ఆయన్ని వెక్కిరిస్తున్నాడు?" అంది.

సరిగ్గా అదే జరిగింది. మిమిక్రీ అంటే ఒక మనిషి గొంతులోని విచిత్రాలని పెద్దవి చేసి చూపించడం. స్టేజీ మీద మూడు నిమిషాలు అది ముచ్చటగా ఉంటుంది. కథలో పది ఎపిసోడ్లు నడిస్తే వెక్కిరింత అవుతుంది. ఆ ముక్కలు విడుదలయ్యాక జనం కూడా ఇంచుమించు మా అమ్మ మాటే అన్నారు. క్లయింట్ మాత్రం యానిమేషన్ సరిపోలేదని మా బిల్లులో కోత పెట్టాడు, అది వేరే కథ.

తెలుగిళ్లలో సీరియల్ సగం చూస్తారు, సగం వింటారు. కూరలు తరుగుతూ, పిల్లల చేత హోంవర్క్ రాయిస్తూ చెవి ఇటు పారేసి ఉంచుతారు. కాబట్టి ఆ సీరియల్ బాగా తెలిసిన పెద్దావిడ ఒకరిని పట్టుకోండి. తెర కనపడకుండా పది నిమిషాల ఆడియో వినిపించండి. ఎవరెవరు మాట్లాడుతున్నారో పేర్లు చెప్పకుండానే ఆవిడ గుర్తుపడితే మీ పని సగం అయిపోయినట్టే.

మీ అదృష్టం, నిర్మాత బంధువు కాబట్టి పాత నటుల్ని అడిగే దారి ఉంది. అడగండి. చాలామంది మీరనుకున్న దానికంటే తక్కువకే వస్తారు. మేకప్ లేదు, లొకేషన్ లేదు, ఒక పూట డబ్బింగ్ థియేటర్లో కూర్చుంటే చాలు. ఇరవై ఏళ్లలో గొంతు కొంచెం బరువెక్కి ఉంటుంది. మేము ఒకసారి సాఫ్ట్‌వేర్‌తో పిచ్ పెంచి పడుచు గొంతు చేయబోయాం, డబ్బాలోంచి మాట్లాడినట్టు వచ్చింది. వదిలేయండి. గొంతు వయసుని జనం క్షమిస్తారు, తీరు అదే అయితే చాలు.

అసలు నటుడు దొరక్కపోతే, లేదా ఇప్పుడు మన మధ్య లేకపోతే? అప్పుడు అనుకరించేవాణ్ణి కాకుండా అదే వేగంతో, అదే విరుపుతో మాట్లాడే డబ్బింగ్ ఆర్టిస్టుని వెతకండి. గొంతు రంగు వేరైనా ఫర్వాలేదు. ఎక్కడ ఆగుతాడు, ఏ మాట మింగేస్తాడు, కోపం వస్తే పైకి వెళ్తాడా కిందకి దిగుతాడా, ఇవి కలవాలి.

ఇక్కడ నా వాదనకే అడ్డొచ్చే ఉదాహరణ ఒకటి నేనే చెప్పాలి, లేకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. ‘అమృతం’ సంగతేంటి? 2001 నుంచి 2007 దాకా జెమినీలో 313 ఎపిసోడ్లు నడిచింది. అమృతరావుగా శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు వేశారు. మనిషి మారాడు, మొహం మారింది, గొంతు మారింది, అయినా జనం చూశారు, ఇప్పటికీ యూట్యూబ్‌లో చూస్తున్నారు. నిజమే. కానీ ఆ మూడుసార్లూ పక్కన ఆంజనేయులుగా గుండు హనుమంతరావు ఉన్నారు. అప్పాజీ ఉన్నాడు, సర్వం ఉన్నాడు. మారినవాడి చుట్టూ మారనివాళ్లు నిలబడ్డారు, రాసే తీరు మారలేదు. నేను దీన్నుంచి పట్టుకున్న లెక్క ఇది: ఒక గొంతు మార్చుకోవచ్చు, మిగతా మూడు పాతవే ఉంటే. బఫీ మోషన్ కామిక్‌లో అందరివీ ఒక్కసారే మారాయి, పట్టుకుని నిలబడటానికి ఒక్కటీ మిగల్లేదు. మీ సీరియల్‌లో ఆ పట్టుకొమ్మ పాత్ర ఎవరిదో ముందు తేల్చుకోండి. చాలాసార్లు అది హీరో కాదు, పక్కింటాయనో పనిమనిషో అయి ఉంటుంది. డబ్బు తక్కువైతే అక్కడ పెట్టండి.

ఏఐతో గొంతు పుట్టిస్తే పోలేదా అని మీ జట్టులో ఎవరో అనే ఉంటారు. నటుడి రాతపూర్వక అనుమతి లేకుండా ఆ జోలికి పోకండి. 2022లో అమితాబ్ బచ్చన్, 2023లో అనిల్ కపూర్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లి తమ పేరు, రూపం, గొంతు ఇతరులు వాడకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు. మీ సీరియల్ నటుడు అంత పెద్ద పేరున్నవాడు కాకపోవచ్చు, దారి మాత్రం అందరికీ ఒకటే. చట్టం పక్కన పెట్టినా, కామెడీలో ఏఐ గొంతు నాకు ఇంతవరకు కుదర్లేదు. వాక్యం చక్కగా చదువుతుంది. పంచ్‌కి ముందు ఉండాల్సిన ఆ తటపటాయింపు దానికి రాదు.

ఆడియో ముందు ఎందుకు పూర్తవ్వాలి?

మొదటి ప్రాజెక్టులో మేము తిరగేసి చేశాం. పైలట్ ట్రాక్ (తాత్కాలిక ఆడియో) నేనే చదివేసి, దాని మీద కీ ఫ్రేములు, అంటే కదలిక ఎక్కడ మారాలో చెప్పే గుర్తులు, వేసుకుంటూ పోయాం. అసలు నటి వచ్చి డైలాగ్ చెప్పాక చూస్తే నేను నాలుగు సెకన్లలో చదివింది ఆవిడ తొమ్మిది సెకన్లు తీసుకున్నారు. మధ్యలో ఒక నిట్టూర్పు, ఒక "ఊఁ" పెట్టారు. సీను ఎంత బాగుందంటే కోయడానికి చెయ్యి రాలేదు. మూడు వారాల పని మళ్లీ చేశాం.

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. రికార్డింగ్‌లో నటులు ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పిస్తాను, విడివిడిగా కాదు. ఒకరి మాట మీద ఒకరు పడటం అప్పుడే వస్తుంది. దాన్ని ఎడిట్ చేసి, తలుపు చప్పుడు, కుక్కర్ కూత, ఫ్యాన్ శబ్దం పెట్టి, ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం) కూడా కచ్చాగా వేసి రేడియో నాటకంలా తయారుచేస్తాను. అది కళ్లు మూసుకుని వింటే కథ అర్థమవ్వాలి. తర్వాతే కదలని బొమ్మలు వరసగా పేర్చి యానిమాటిక్ కడతాను. నన్నడిగితే, ఆ దశలో నవ్వు రాని జోకు ఎంత కదిలించినా తర్వాత నవ్వించదు.

బొమ్మల విషయంలో మీకు బఫీ వాళ్లకి లేని సుఖం ఒకటి ఉంది. వాళ్ల చేతిలో ఉన్నది అచ్చు కోసం గీసిన పేజీ. అందులో పాత్ర వెనక గోడ గీసి ఉండదు, మాటల బుడగ కింద భుజం గీసి ఉండదు. పాత్రని కత్తిరించి పక్కకి జరిపితే వెనక కన్నం. ఆ కన్నాలన్నీ పూడ్చడమే ఇలాంటి పనుల్లో సగం జీతం. పైగా కామిక్ పేజీ నిలువు, తెర అడ్డం. ఆరున్నర అంగుళాల వెడల్పు పేజీని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) తీసుకుంటే అటూ ఇటూగా 2000 పిక్సెళ్లు. అందులో సగం వెడల్పున్న ప్యానెల్ 1000కి మించదు. దాన్ని 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెర మీద నింపాలంటే రెండింతలు సాగదీయాలి, గీత పాకం పట్టినట్టు అయిపోతుంది. క్లోజప్‌కి వెళ్తే ఇక చెప్పక్కర్లేదు.

మీకు కామిక్ ఇంకా లేనే లేదు. మీ కుర్రాడు నేరుగా కదలిక కోసమే గీయొచ్చు. అతనికి ఈ మాటలు చెప్పండి. గది మొత్తం ఖాళీగా ఒకసారి గీయమనండి, మనుషులు లేకుండా. మీ సీరియల్‌లో మహా అయితే ఐదారు సెట్లు ఉండి ఉంటాయి: హాలు, వంటిల్లు, ఆఫీసు, వీధి అరుగు. ఒకసారి పెద్ద సైజులో గీస్తే సీజన్ అంతా వాడుకోవచ్చు. తల, మొండెం, రెండు చేతులు వేరువేరు లేయర్లు, అంటే విడివిడిగా కదిలించగలిగే పొరలు. కళ్లు, కనుబొమ్మలు, నోరు కూడా వేరు. మాటల బుడగలు అసలే వద్దు. తెర అడ్డంగా 16:9 కావాలా, ఫోన్ కోసం నిలువుగా 9:16 కావాలా ఈ రోజే తేల్చుకోండి, తర్వాత మార్చడం నరకం.

ఇంకొకటి. సీరియల్ ఫ్రేమ్ ఆపి, దాని మీద ట్రేస్ చేయనివ్వకండి. మొహం పోలిక వస్తుంది, ప్రాణం పోతుంది. ఆ నటుడిలో జనానికి గుర్తున్నది ఏంటో అతన్నే అడగండి, కళ్లజోడు పైకి తోసుకోవడమా, పంచె ఎగ్గట్టడమా. దాన్ని కొంచెం సాగదీసి కార్టూన్‌గా గీస్తే ఎక్కువ పోలిక కనిపిస్తుంది. పోలిక వాడుతున్నారు కాబట్టి ఆ నటుడి సంతకం కూడా కావాలి. గొంతు కోసం వచ్చిన రోజే ఒకే కాగితం మీద రెండూ రాయించుకోండి.

మాటల బుడగలు ఎందుకు వద్దన్నానంటే, ‘వాచ్‌మెన్’ మోషన్ కామిక్ చూడండి. 2008లో మొదలుపెట్టి 12 భాగాలు చేశారు. బుడగలు అలాగే ఉంచారు, ఆడ, మగ గొంతులన్నీ టామ్ స్టెక్‌షుల్టే ఒక్కడే చెప్పాడు. పుస్తకం చదివి వినిపిస్తున్నారు అనుకుంటే ఆ పద్ధతికి ఒక అందం ఉంది. కామెడీకి మాత్రం పనికిరాదు. కన్ను చెవి కంటే ముందు పరిగెత్తుతుంది. పాత్ర సగం చెప్పేలోపే జనం బుడగలో పంచ్ చదివేసి ఉంటారు.

ఇక ఎంత కదిలించాలి?

తక్కువ. ఇది పేదరికంలోంచి పుట్టిన కళే, సిగ్గుపడక్కర్లేదు. 1959లో అమెరికాలో ‘క్లచ్ కార్గో’ అని ఒకటి వచ్చింది. గీసిన బొమ్మ మొహం మీద నిజం మనిషి పెదాలు అతికించి మాట్లాడించారు. చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 1966లో ‘మార్వెల్ సూపర్ హీరోస్’ అని, అచ్చయిన కామిక్ బొమ్మల్నే తీసి చెయ్యో కాలో కదిపి టీవీలో వేశారు. రెండిట్లో ఇప్పటికీ చూడగలిగింది రెండోదే. మొదటిది కదలని మొహంలో నోటిని మాత్రం మరీ నిజం చేసింది. కదలికలో ఒకటి మరీ సహజంగా ఉండి మిగతావి బిగుసుకుపోతే కన్ను ఒప్పుకోదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో పప్పెట్ పిన్నులతో (బొమ్మ మీద గుచ్చి అక్కడ వంచే సాధనం) భుజాలు నీళ్లలో తేలినట్టు ఊపడం కూడా ఇదే జబ్బు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు ప్రతి పాత్రనీ ఊపిరి పీల్చేలా చేస్తారు, చివరికి గదిలో అందరికీ ఆయాసం వచ్చినట్టు ఉంటుంది.

నా అలవాటు ఇలా ఉంటుంది. షాట్‌కి ఒక్క ముఖ్యమైన కదలిక. కనురెప్పలు, కనుపాప దిశ, కనుబొమ్మ, వీటితో తొంభై శాతం నటన వచ్చేస్తుంది. కెమెరా నెమ్మదిగా జరిగితే ముందున్న లేయరు, వెనకున్న లేయరు వేరు వేగాలతో కదిలి లోతు వస్తుంది. దాన్ని ప్రతి షాట్‌లో వాడితే మాత్రం పడవ ఎక్కినట్టు తల తిరుగుతుంది. చెయ్యి కదలాలంటే మెల్లగా జారనివ్వకండి. ఒక భంగిమలోంచి ఇంకో భంగిమకి టక్కున దూకనివ్వండి, కామిక్ స్వభావం అది.

అన్నిటికంటే పనికొచ్చే చిట్కా: మాట్లాడేవాడిని కాకుండా వింటున్నవాడిని చూపించండి. భార్య తిడుతుంటే భర్త మొహం మీద ఉండండి. మాట తెర బయట నుంచి వస్తుంది, పెదాల కదలికని మాటకి కలిపే లిప్ సింక్ బాధ ఉండదు. నవ్వు ఎలాగూ తిట్టు తిన్నవాడి మొహంలోనే ఉంది. మా ముక్కల్లో డైలాగులు దాదాపు సగం ఇలాగే దాటించేవాళ్లం. ఎవరూ కనిపెట్టలేదు.

నోరు కదిలించక తప్పని చోట ఒక జాగ్రత్త. నెట్‌లో దొరికే నోటి ఆకారాల చార్టులన్నీ ఇంగ్లీషువి. ఇంగ్లీషు మాట చాలాసార్లు హల్లుతో ముగిసి నోరు మూతపడుతుంది. మనది అజంత భాష, మాట చివర అ, ఇ, ఉ ఏదో ఒకటి ఉండి నోరు కాస్త తెరిచే ఉంటుంది. ఆ చార్టు పెట్టుకుని తెలుగు చేస్తే ప్రతి మాటకీ నోరు టపుక్కున మూసుకుని, డబ్బింగ్ సినిమా చూస్తున్నట్టు ఉంటుంది. నేను ఆరు ఆకారాలే వాడతాను: మూసిన నోరు, అ, ఇ, ఉ, ఒ, పళ్లు కనపడేది ఒకటి. ప, బ, మ దగ్గర పెదాలు కచ్చితంగా కలవాలి. ఆ మూడూ తప్పకుండా చూసుకుంటే మిగతా వాటిలో కొంచెం అటూ ఇటూ అయినా ఎవరికీ తెలీదు. సెకనుకి 24 ఫ్రేములు పెట్టుకున్నా నోటిని రెండు ఫ్రేములకి ఒకసారే మార్చండి, అంతకంటే వేగం అనవసరం.

ముగ్గురం కూర్చుంటే ఒక నిమిషం బొమ్మకి మాకు దాదాపు వారం పట్టేది, ఆడియో కాకుండా. మీరు ఉద్యోగాలు చేస్తూ సాయంత్రాలు పనిచేస్తారు కాబట్టి మొదటి ఎపిసోడ్ మూడు నిమిషాలు దాటనివ్వకండి.

కథ గురించి ఒక్క మాట. పాత ఎపిసోడ్‌నే మళ్లీ గీయకండి. అసలుది చూసుకోగలిగినప్పుడు బొమ్మల్లో ఎందుకు చూస్తారు? బఫీ వాళ్లు సరిగ్గా చేసింది ఇదే, కథ ముందుకి తీసుకెళ్లారు, టీవీలో కుదరనిది గీశారు. మీ పాత్రలకి ఇప్పుడు ఇరవై ఏళ్లు పెంచి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పడేయొచ్చు, లేదా అదే కాలంలో ఉంచి అప్పుడు తీయలేకపోయిన కాశీయాత్రకి పంపొచ్చు. రైలు, గంగ, పడవ, కోతులు, కాగితం మీద అన్నీ ఉచితమే.

ఇప్పుడు హక్కులు. బంధువు గారి మాట మీద నమ్మకం ఉంచుతూనే కాగితాలు అడగండి. నేను లాయర్ని కాదు, దెబ్బలు తిని తెలుసుకున్నవి చెప్తున్నాను. అప్పట్లో చాలా సీరియళ్లు చానల్ డబ్బుతోనో, చానల్ దగ్గర ప్రసార సమయం (స్లాట్) కొనుక్కునో నడిచాయి. రెండిట్లో యజమాని వేరవుతాడు. ప్రసార హక్కు వేరు, కథని ఇంకో రూపంలోకి మార్చే హక్కు వేరు. రచయితతో రాసుకున్న పత్రంలో రెండోది ఉందో లేదో చూడండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు రాసిచ్చిన పత్రంలో గడువు రాయకపోతే ఐదేళ్లు అనే లెక్క. ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే అనే లెక్క. మీరు యూట్యూబ్‌లో పెడితే డల్లాస్‌లో ఉన్న తెలుగువాళ్లూ చూస్తారు కదా. కాబట్టి ఉన్న రచయితతో కొత్తగా ఒక ఒప్పందం రాయించుకోవడం అన్నిటికంటే చవక. మోషన్ కామిక్, వెబ్, ఫోన్, ప్రపంచమంతా, ఎన్నేళ్లు, ఇవన్నీ పేర్లు పెట్టి రాయించండి. ఒకచోట మేము ‘యానిమేషన్’ అని మాత్రమే రాయించుకున్నాం. మోషన్ కామిక్ యానిమేషన్ కిందకి వస్తుందా రాదా అని ఎనిమిది నెలలు కూర్చున్నారు. ఆ ఫైళ్లు ఇప్పటికీ నా హార్డ్ డిస్క్‌లో అలాగే ఉన్నాయి.

చివరగా టైటిల్ పాట. అందులో సాహిత్యం, బాణీ, రికార్డింగ్ మూడూ మూడు వేర్వేరు హక్కులు. సీరియల్ హక్కులు ఉన్నంత మాత్రాన పాట రికార్డింగ్ కూడా చేతిలో ఉందని అనుకోవద్దు. అది ఏదైనా ఆడియో కంపెనీకి అమ్మేసి ఉండొచ్చు. మళ్లీ కొత్తగా పాడించుకున్నా సాహిత్యం, బాణీ హక్కులు కావాల్సిందే. 2012 సవరణ తర్వాత గీత రచయితకీ, సంగీత దర్శకుడికీ రావాల్సిన రాయల్టీ వాటాని వాళ్లు వదులుకున్నట్టు రాయించుకున్నా అది చెల్లదు. ఆ ఇద్దరూ ఐపీఆర్ఎస్‌లో (పాటల రచయితలు, సంగీత దర్శకుల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ) సభ్యులేమో కనుక్కోండి, అయితే మాట్లాడాల్సింది ముందు అక్కడ. కష్టమైనా ఈ ఒక్కదాని కోసం తిరగండి. మొత్తం పాట అక్కర్లేదు, మొదటి రెండు లైన్లు చాలు, పది పన్నెండు సెకన్లు. ఆ ముక్క కూడా మొదటి ఎపిసోడ్‌లో ఖాళీ తెర మీద, బొమ్మ ఇంకా రాకముందే వేయండి. వంటింట్లో ఉన్నవాళ్లు హాల్లోకి నడిచి రావడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది.